వెస్టిండీస్ టికెట్టు కొనే ముందు: ఉత్తరాంధ్ర ప్రయాణికుడికి దారి లెక్క, డబ్బు లెక్క

క్రికెట్ చూసే ప్రతి ఇంట్లోనూ వెస్టిండీస్ అంటే ఒకే జట్టు. విమాన టికెట్టు కోసం వెతకడం మొదలుపెట్టగానే ఆ జట్టు చెదిరిపోతుంది. జమైకా ఒక దేశం, బార్బడోస్ ఇంకో దేశం, ట్రినిడాడ్-టొబాగో మరొకటి. మార్టినీక్, గ్వాడెలూప్ ఫ్రాన్సులో భాగం. అరూబా, కురసావ్ నెదర్లాండ్స్ రాజ్యానికి చెందినవి. కేమన్ దీవులు బ్రిటన్ అధీనంలో ఉన్నాయి, పోర్టోరికో అమెరికా భూభాగం. ఒక్కో చోట ఒక్కో వీసా నియమం, చాలాచోట్ల వేరే నోటు. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో బయలుదేరే కుటుంబం ఈ తేడాలు పట్టించుకోకుండా డబ్బు కట్టేస్తే దెబ్బ రెండు చోట్ల తగులుతుంది: విమానం మారే చోట, బిల్లు కట్టే చోట. రెండు చోట్లా జరిగేది ఒకటే. ఫోను తెర మీద కనిపించిన ధర ఒకటి, చివరికి ఖాతాలోంచి పోయేది ఇంకొకటి.

మన వాళ్లలో ఎక్కువమంది ముందు చవక టికెట్టు వెతుకుతారు, అది దొరికాక మిగతావి ఆలోచిస్తారు. కరీబియన్ విషయంలో ఈ వరస తలకిందులుగా ఉండాలి. ముందు నెల తేల్చుకోవాలి, తర్వాత దీవి, ఆ తర్వాత ఏ దేశం మీదుగా వెళ్లాలన్నది. టికెట్టు చివర.

సెలవులు ఎప్పుడు, తుపాన్లు ఎప్పుడు

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలతో సహా కుటుంబమంతా కదలగలిగే సెలవులు మూడే: సంక్రాంతి, వేసవి, దసరా. కరీబియన్ దీవుల్లో డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు రద్దీ కాలం. ఉత్తర అమెరికా, ఐరోపాల చలి తప్పించుకోవడానికి వచ్చేవారితో విమానాలూ గదులూ నిండిపోతాయి. సంక్రాంతి సరిగ్గా ఆ రద్దీ నడుమ పడుతుంది. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 వరకు ఉంటుంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వాటి ఉద్ధృతి ఎక్కువ. దసరా సెలవులు వచ్చేది అప్పుడే. ఇక మిగిలింది వేసవి. ఏప్రిల్ చివరి వారం, మే నెల కలిపి చూస్తే రద్దీ తగ్గి ధరలు దిగే సమయం, తుపాన్ల కాలం ఇంకా మొదలుకాని సమయం ఒకచోట కలుస్తాయి. మన బడుల వేసవి సెలవులు దీనితో ఇంత చక్కగా కుదరడం యాదృచ్ఛికమే అయినా, వాడుకోదగ్గ వెసులుబాటు.

హరికేన్ అన్నా, బంగాళాఖాతంలో పుట్టే తీవ్ర తుపాను అన్నా స్వభావం ఒకటే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలను ఎలా కూల్చిందో కవిటి, సోంపేట ప్రాంతాల వారికి వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని దెబ్బతీసి రాకపోకలు ఆపేసింది. అప్పుడు కనీసం రోడ్డు మీదుగా ఇంకో ఊరు చేరి అక్కడి నుంచి ప్రయాణించే వీలు ఉండేది. దీవిలో ఆ వీలు లేదు. 2024 జూన్ 29న బార్బడోస్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో టీ20 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టు, బెరిల్ హరికేన్ వల్ల విమానాశ్రయం మూతపడి రోజుల తరబడి హోటల్లోనే ఉండిపోయింది. ప్రత్యేక విమానంలో ఢిల్లీ చేరేసరికి జులై 4 వచ్చింది. ప్రపంచ విజేతల కోసం ప్రత్యేక విమానం వెళ్లింది. మామూలు ప్రయాణికుడు అదనపు రాత్రుల గది అద్దె, కొత్త టికెట్టు డబ్బు తానే పెట్టుకోవాలి. 2025 అక్టోబరు 28న మెలిస్సా అత్యంత తీవ్రమైన అయిదో కేటగిరీ హరికేన్‌గా జమైకాను తాకింది. ఆ రోజులు మన పండగ సెలవులకు ఎంత దగ్గరో క్యాలెండర్ చూస్తే అర్థమవుతుంది.

దసరాకు తప్ప కుదరదు అనుకునేవారు దక్షిణాన వెనిజులా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, బొనైర్, కురసావ్‌లను ఎంచుకోవడం మేలు. హరికేన్లు సాధారణంగా వాటికి ఉత్తరంగా సాగిపోతాయి. ట్రినిడాడ్ కూడా చాలావరకు ఆ దారికి పక్కన ఉంటుంది. ప్రయాణ బీమా టికెట్టు కొన్న రోజే తీసుకోవాలి. తుపానుకు పేరు పెట్టిన తర్వాత కొన్న బీమా సాధారణంగా ఆ తుపాను తెచ్చిన నష్టాన్ని భరించదు.

గమ్యం అడగని వీసా దారి అడుగుతుంది

భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకుడికి బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్-టొబాగో, గ్రెనడా, డొమినికా, సెయింట్ కిట్స్-నెవిస్ ముందస్తు వీసా అడగవు. ‘వీసా లేకుండా వెళ్లగల దేశాలు’ అంటూ ఫోన్లలో తిరిగే జాబితాల్లో ఈ పేర్లు తప్పకుండా ఉంటాయి. జాబితా నిజమే. కానీ అది సగం నిజం. భారతదేశం నుంచి కరీబియన్‌కు నేరుగా విమానం లేదు. మధ్యలో ఐరోపాలోనో, బ్రిటన్‌లోనో, అమెరికాలోనో, కెనడాలోనో దిగి ఇంకో విమానం ఎక్కాలి. గమ్యదేశం తలుపు బార్లా తెరిచి ఉన్నా, దారిలోని దేశం కాగితాలు అడుగుతుంది.

అమెరికా సంగతి అందరికంటే కఠినం. అక్కడి విమానాశ్రయాల్లో ఇమిగ్రేషన్ దాటకుండా ఒక అంతర్జాతీయ విమానం నుంచి ఇంకోదానికి మారే ఏర్పాటు లేదు. మయామీలో రెండు గంటలు ఆగినా ఆ దేశంలో అడుగుపెట్టినట్టే లెక్క, కాబట్టి దారిలో విమానం మారేవారికి ఇచ్చే ట్రాన్సిట్ వీసా గానీ పర్యాటక వీసా గానీ ఉండి తీరాలి. కెనడా కూడా భారతీయుల నుంచి ట్రాన్సిట్ వీసా కోరుతుంది. బ్రిటన్‌లో విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారాలన్నా భారతీయులకు ప్రత్యేక ట్రాన్సిట్ వీసా అవసరం. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ఏదో ఒకదాని చెల్లుబాటు వీసా ఉన్నవారికి దీని నుంచి మినహాయింపు ఉంది.

లండన్ దారిలో ఇంకో చిక్కు దాగి ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం హీత్రోలో దిగుతుంది. ఆ సంస్థవే అయినా కరీబియన్ దీవులకు వెళ్లే విమానాలు చాలావరకు గాట్విక్ నుంచి లేస్తాయి. ఈ రెండూ వేర్వేరు విమానాశ్రయాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే పెట్టెలు తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, రోడ్డు మీదికి రావాలి. అప్పుడు లోపలే ఉండేవారికి ఇచ్చే ట్రాన్సిట్ వీసా సరిపోదు. పైగా ఐరోపా నుంచి దీవులకు వెళ్లే విమానాలు ఎక్కువగా ఉదయం, మధ్యాహ్నం వేళల్లో బయలుదేరతాయి. మన విమానం చేరేసరికి అవి వెళ్లిపోయి ఉంటే ఒక రాత్రి లండన్‌లో గది తీసుకోక తప్పదు. టికెట్టు మీద పదిహేను వేలు మిగిలాయని సంతోషిస్తే, వీసా రుసుము, గది అద్దె, విమానాశ్రయాల మధ్య ప్రయాణం కలిసి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పారిస్‌లోనూ ఇదే తంతు. భారతదేశం నుంచి వెళ్లే విమానాలు షార్ల్ డి గాల్‌లో దిగుతాయి. మార్టినీక్, గ్వాడెలూప్‌లకు ఎయిర్ కరైబ్, కోర్సేర్ సంస్థల విమానాలు ఓర్లీ నుంచి వెళ్తాయి. ఊరు దాటాలంటే ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా కావాలి. ఆ వీసా ఉంది కదా అని ఊరుకున్నా మార్టినీక్‌లో దిగనివ్వరు. ఆ దీవులు ఫ్రాన్సులో భాగమే అయినా షెంగెన్ పరిధిలో లేవు. వీసా అడిగేటప్పుడే ఫ్రాన్సు సముద్రాంతర ప్రాంతాలకు కూడా చెల్లేలా రాయించుకోవాలి.

ఇంత ముఖ్యమైన విషయాన్ని టికెట్లు అమ్మే వెబ్‌సైట్లు చాలావరకు కొనుగోలుదారుడికే వదిలేయడం పెద్ద లోపం. ఏ పాస్‌పోర్టు అని అడక్కుండానే దారి చూపించి డబ్బు తీసుకుంటాయి. అసలు పరీక్ష విమానాశ్రయంలో జరుగుతుంది. అక్కడి సిబ్బంది టిమాటిక్ అనే సమాచార వ్యవస్థలో ప్రయాణికుడి పాస్‌పోర్టు, దారి, గమ్యం పెట్టి చూస్తారు. కాగితం తక్కువైన మనిషిని ఎక్కించుకుంటే విమాన సంస్థకే జరిమానా పడుతుంది కాబట్టి వారు బతిమాలితే కరిగేవారు కారు. అదే సమాచారాన్ని టికెట్టు కొనక ముందే విమాన సంస్థల వెబ్‌సైట్ల ద్వారా ఎవరైనా చూసుకోవచ్చు. పది నిమిషాల పని. లక్షల డబ్బును కాపాడేది అదే.

ఆమ్‌స్టర్‌డామ్ దారిని కూడా గమనించాలి. హైదరాబాద్ నుంచి కేఎల్ఎం విమానం ఉంది, అదే సంస్థ అక్కడి నుంచి అరూబా, కురసావ్, బొనైర్‌లకు చాలా కాలంగా విమానాలు నడుపుతోంది. అదే విమానాశ్రయం, అదే సంస్థ, అదే టికెట్టు కావడం వల్ల పెట్టెల బెడద తక్కువ. అయితే ఈ దీవుల్లో దిగడానికి వీసా కావాలి. అరూబా, కురసావ్‌లలో అయితే చెల్లుబాటు అమెరికా వీసా ఉన్నవారికి ఆ అవసరం ఉండదు.

పిల్లలు అమెరికాలో ఉన్నవారికి

ఉత్తరాంధ్ర నుంచి కరీబియన్ చూసేవారిలో చాలామంది ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవారు కారు. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లి, అక్కడి నుంచి కుటుంబంతో కలిసి నాలుగైదు రోజులు దీవులకు వెళ్లే తల్లిదండ్రులే ఎక్కువ. డబ్బు పరంగా చూస్తే ఇదే తెలివైన దారి. న్యూయార్క్, మయామీ, అట్లాంటా, హ్యూస్టన్‌ల నుంచి దీవులకు నేరుగా విమానాలు ఉన్నాయి, పోటీ వల్ల ధరలూ అందుబాటులో ఉంటాయి. పెద్దలకు పదేళ్ల పర్యాటక వీసా ఉంటే వెళ్లిరావడానికి ఇబ్బంది లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: దీవికి వెళ్లివచ్చినంత మాత్రాన అమెరికాలో ఉండే గడువు మళ్లీ మొదటి నుంచి ఆరు నెలలు మొదలవుతుందని అనుకోకూడదు. తిరిగి వచ్చినప్పుడు ఎంత గడువు ఇవ్వాలో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు.

ప్రమాదం పెద్దలకంటే పిల్లలకే ఎక్కువ. హెచ్-1బి మీద ఉద్యోగం చేసే కొడుకుకు అమెరికాలో ఉండే అనుమతి పొడిగించి ఉండవచ్చు, కానీ పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటుంది. అలాంటివారు కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి, పాత స్టాంపుతోనే తిరిగి వచ్చే వెసులుబాటు ఒకటి ఉంది. అది కరీబియన్ దీవులకూ వర్తిస్తుందని చాలామంది పొరబడతారు. దీవుల విషయంలో ఆ వెసులుబాటు ఎఫ్, జె వీసాల మీద చదువుకునే విద్యార్థులకూ పరిశోధకులకూ మాత్రమే, అదీ క్యూబా మినహా. హెచ్-1బి ఉద్యోగి స్టాంపు లేకుండా జమైకా వెళ్తే తిరుగు విమానం ఎక్కలేడు. కొత్త వీసా కోసం కాన్సులేట్ చుట్టూ తిరగాలి, ఆ వ్యవధిలో ఉద్యోగం ఊగిసలాడుతుంది. నాలుగు రోజుల సరదా కోసం ఇంత మూల్యం చెల్లించాల్సిన పని లేదు. స్టాంపు లేని పిల్లలున్న కుటుంబానికి పోర్టోరికో ఉంది, అమెరికా వర్జిన్ దీవులు ఉన్నాయి. రెండూ అమెరికా భూభాగాలే కాబట్టి దేశం దాటినట్టు కాదు. సముద్రం అదే, ఇసుక అదే. కాగితాలన్నీ వెంట ఉంచుకుంటే చాలు.

టికెట్టులో చూడాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం వాసులకు విమానం అంటే ఇన్నాళ్లూ విశాఖే. ఇచ్ఛాపురం పరిసరాల వారికి మాత్రం విశాఖకంటే భువనేశ్వర్ దగ్గర. ఆ సంగతి టికెట్టు వెతికేటప్పుడు గుర్తుండదు. విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త విమానాశ్రయం ఇంటి నుంచి విమానం మెట్ల వరకు పట్టే గంటో గంటన్నరో తగ్గిస్తుంది. కరీబియన్ ప్రయాణంలోని అసలు చిక్కులు మాత్రం సముద్రం అవతల ఉన్నాయి.

విశాఖ నుంచి హైదరాబాద్‌కో ఢిల్లీకో వెళ్లే దేశీయ విమానం కూడా అంతర్జాతీయ టికెట్టులోనే కలిసి ఉండాలి. విడిగా కొంటే వెయ్యో రెండు వేలో తగ్గుతుంది. కానీ దేశీయ విమానం ఆలస్యమై పెద్ద విమానం తప్పిపోతే, రెండో సంస్థకు ఆ సంగతితో సంబంధం ఉండదు. ప్రయాణికుడు రాలేదని రాసుకుంటుంది, తిరుగు టికెట్టు కూడా రద్దవుతుంది. ఒకే టికెట్టు అయితే తర్వాతి విమానంలో చోటు ఇవ్వాల్సిన బాధ్యత సంస్థదే. సామాను బరువులోనూ తేడా ఉంది. దేశీయ విమానాల్లో సాధారణంగా 15 కిలోలు, అంతర్జాతీయ టికెట్టు మీద తరచుగా 23 కిలోల పెట్టె. విడి టికెట్టు కొన్నవారు విశాఖలోనే అదనపు బరువుకు డబ్బు కట్టాలి. ఇక వెనక్కి వచ్చేటప్పుడు టికెట్టు ఒకటే అయినా, దేశంలో మొదట దిగిన చోట పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాల్సి ఉంటుంది. అందుకే తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో కనీసం మూడు నాలుగు గంటల వ్యవధి ఉండేలా చూడాలి.

పేరు సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసుకునే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉన్నవారు పెద్దవాళ్లలో చాలామంది ఉన్నారు. టికెట్టులో పేరు ఆధార్ ప్రకారమో, బ్యాంకు పుస్తకం ప్రకారమో రాయకూడదు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అచ్చంగా అలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలో ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి కాబట్టి డబ్బు కట్టక ముందే ఆ సంస్థను అడగాలి. తర్వాత పేరు మార్పించడం కొత్త టికెట్టు కొన్నంత ఖరీదు కావచ్చు.

దీవి నుంచి దీవికి వెళ్లాలనుకునేవారు మ్యాపు చూసి మోసపోతారు. బార్బడోస్ నుంచి సెయింట్ లూసియాకు సుమారు 180 కిలోమీటర్లు. విశాఖ నుంచి ఇచ్ఛాపురం అంత దూరం కూడా లేదు. టికెట్టు మాత్రం దూరాన్ని చూసి ఉండదు. చిన్న విమానాలు, తక్కువ మంది ప్రయాణికులు, ప్రతి ప్రభుత్వమూ వేసే పన్నులు కలిసి ధరను పెంచుతాయి. ఎక్కువ దీవులు చూడాలన్న ఆశ మానుకుని రెండింటితో సరిపెట్టుకుంటే ప్రయాణం హాయిగా ఉంటుంది. గ్వాడెలూప్, డొమినికా, మార్టినీక్, సెయింట్ లూసియాల మధ్య పెద్ద పడవలు తిరుగుతాయి, విమానానికి అవి మంచి ప్రత్యామ్నాయం.

ట్రినిడాడ్ వెళ్లేవారు పచ్చజ్వరం టీకా మరచిపోకూడదు. ఆ దేశంలో దిగడానికి కంటే, తిరిగి భారతదేశం రావడానికే ఆ ధ్రువపత్రం ఎక్కువ అవసరం. భారత ప్రభుత్వం పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో ట్రినిడాడ్ దీవిని చేర్చింది. టొబాగో అందులో లేదు. విమానం మారడానికి కొందరు ఎంచుకునే పనామా కూడా ఆ జాబితాలో ఉంది. ధ్రువపత్రం లేకుండా వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. మన ప్రాంతానికి దగ్గరి కేంద్రం విశాఖలోని పోర్టు హెల్త్ కార్యాలయం.

ఏ డాలరు?

కరీబియన్‌లో డాలరు అన్న మాటకు కనీసం అరడజను అర్థాలు ఉన్నాయి. హోటల్ మెనూలో 40 డాలర్లు అని ఉంటే అది అమెరికా డాలరా, స్థానిక డాలరా అన్నదాని మీద బిల్లు రెండింతలో, మూడింతలో మారిపోతుంది. అదృష్టవశాత్తూ చాలా దీవుల కరెన్సీలు అమెరికా డాలరుకు స్థిరంగా ముడిపడి ఉన్నాయి. రోజూ రేటు వెతుక్కోనక్కర్లేదు, కొన్ని అంకెలు గుర్తుంటే చాలు.

ఆంటిగ్వా-బార్బుడా, డొమినికా, గ్రెనడా, సెయింట్ కిట్స్-నెవిస్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్-గ్రెనడీన్స్, వాటితో పాటు అంగ్విల్లా, మాంట్‌సెరాట్ ఈ ఎనిమిదీ తూర్పు కరీబియన్ డాలరు వాడతాయి. అమెరికా డాలరుకు అవి 2.70. ఈ రేటు 1976 నుంచి మారలేదు. బార్బడోస్ డాలరు 1975 నుంచి ఒకటికి రెండు. బహామాస్ డాలరు ఒకటికి ఒకటి. అరూబా ఫ్లోరిన్ 1.79, 2025 మార్చి 31న కురసావ్, సింట్ మార్టెన్‌లలో పాత గిల్డర్ స్థానంలో వచ్చిన కరీబియన్ గిల్డర్‌దీ అదే రేటు. కేమన్ డాలరు వీటన్నిటికీ ఎదురు: అది అమెరికా డాలరుకంటే బలమైనది, ఒక్కటికి 1.20 అమెరికా డాలర్లు. అక్కడి దుకాణాలు అమెరికా డాలరును 80 సెంట్లుగా లెక్కగడతాయి కాబట్టి 100 అని రాసి ఉన్న వస్తువుకు 125 అమెరికా డాలర్లు ఇవ్వాలి. జమైకా డాలరు, ట్రినిడాడ్ డాలరు మాత్రం ఇలా ముడిపడినవి కావు. బొనైర్, బ్రిటిష్ వర్జిన్ దీవులు, టర్క్స్-కైకోస్‌లలో నేరుగా అమెరికా డాలరే చెల్లుతుంది. మార్టినీక్, గ్వాడెలూప్‌లలో యూరో.

స్థిరమైన రేటు తెలిసినవాడిని బజారులో తేలిగ్గా తప్పుదారి పట్టించలేరు. సెయింట్ లూసియా రాజధాని కాస్ట్రీస్ సంతలో మసాలా దినుసుల పొట్లం 27 తూర్పు కరీబియన్ డాలర్లు అనుకుందాం. పర్యాటకుడు 20 అమెరికా డాలర్ల నోటు ఇస్తాడు. అధికారిక రేటు ప్రకారం ఆ నోటు విలువ 54. తిరిగి 27 రావాలి. అమ్మేవారు డాలరుకు 2.50 చొప్పున లెక్కగడితే చేతికి వచ్చేది 23. పోయింది నాలుగు తూర్పు కరీబియన్ డాలర్లే. కానీ టాక్సీ, భోజనం, పడవ షికారు అన్నిటా ఇదే లెక్క సాగితే వారంలో ఒక రాత్రి గది అద్దె కరిగిపోతుంది. అమెరికా డాలర్లు అంతటా తీసుకుంటారన్న మాట నిజమే, చిల్లర మాత్రం స్థానిక నోట్లలోనే వస్తుంది, రేటు అమ్మేవారి ఇష్టం. అందుకే చిన్న ఖర్చులకు స్థానిక నోట్లు దగ్గర ఉంచుకోవడం, అమెరికా నోట్లు ఇవ్వాల్సి వస్తే ఒకటి, అయిదు, పది డాలర్ల చిన్న నోట్లు ఇవ్వడం మంచిది. చాలా దీవుల్లో టాక్సీలకు మీటరు ఉండదు. ఎక్కక ముందే ఎంత, ఏ డాలర్లలో అన్న రెండు ప్రశ్నలూ వేయాలి.

ఊళ్లో డాలర్లు కొనేటప్పుడు

రూపాయలు ఆ దీవుల్లో మారవు. తూర్పు కరీబియన్ డాలర్లో, బార్బడోస్ డాలర్లో ఇక్కడ దొరకవు. కాబట్టి ఇక్కడి నుంచి అమెరికా డాలర్లు తీసుకువెళ్లి అక్కడ మార్చుకోవడమే మార్గం. శ్రీకాకుళం, విజయనగరం వారిలో చాలామంది ఇందుకు విశాఖ వెళ్తారు. తెలిసినవారి దగ్గర రసీదు లేకుండా నాలుగు రూపాయలు తక్కువకు దొరుకుతాయన్న మాట విని అటు వెళ్లకూడదు. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం విదేశీ మారకం అధీకృత వ్యాపారి దగ్గరే కొనాలి, రసీదు చేతిలో ఉండాలి. నోట్ల రూపంలో ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు తీసుకోవచ్చు, మిగతాది కార్డులో వేసుకోవాలి. 50,000 రూపాయలు మించితే నగదు ఇచ్చి డాలర్లు కొనడానికి వీల్లేదు, బ్యాంకు ద్వారా చెల్లించాలి.

పన్ను విషయంలో ఒక తేడా తెలిసి ఉండాలి. డాలర్లు కొన్నా, పంపినా ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితేనే మూలం వద్ద పన్ను వసూలు చేస్తారు; 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పరిమితి అమల్లో ఉంది. అదే విమానం, హోటల్ కలిపిన విదేశీ యాత్రా ప్యాకేజీ కొంటే ఆ పరిమితి వర్తించదు, మొదటి రూపాయి నుంచే వసూలు ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్నులో ఈ డబ్బు తిరిగి సర్దుబాటు చేసుకోవచ్చు. రిటర్ను దాఖలు చేయని రైతు కుటుంబాలూ, చిన్న వ్యాపారులూ దీన్ని వదిలేసుకుంటున్నారంటే బాధ కలుగుతుంది. అది వారి డబ్బు. రిటర్ను వేసి అడిగి తీసుకోవాలి.

కార్డుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. విదేశాల్లో వాడినప్పుడు మన కార్డుల్లో చాలావాటికి 3.5 శాతం వరకు అదనపు రుసుము ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిస్తే 4.13 శాతం. రెండు లక్షల ఖర్చు మీద అది 8,260 రూపాయలు. డాలర్లు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు ఈ సమస్యకు విరుగుడు అని ఏజెంట్లు చెబుతారు. అమెరికా డాలరు నేరుగా చెల్లే దీవుల్లో ఆ మాట నిజం. బార్బడోస్‌లోనో సెయింట్ లూసియాలోనో స్థానిక కరెన్సీలో బిల్లు పడితే, డాలర్ల కార్డు నుంచి ఆ కరెన్సీకి మారేటప్పుడు మళ్లీ రుసుము పడుతుంది. అలాంటి చోట్లకు మారకపు రుసుము లేని కార్డు తీసుకోవడం లాభం. రూపే కార్డు మీదే ఆధారపడకుండా వీసా, మాస్టర్‌కార్డ్‌లలో ఒకటి ఉండాలి. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని తెరవడం ఇంటి దగ్గరే పూర్తి కావాలి. యూపీఐకి అలవాటుపడ్డ చేతికి అక్కడ కష్టంగానే ఉంటుంది. ట్రినిడాడ్ 2025లో యూపీఐ సాంకేతికతను స్వీకరించడానికి ముందుకొచ్చినా, పర్యాటకుడు ఫోను నమ్ముకుని బయలుదేరే స్థితి కాదు.

అన్నిటికంటే నిశ్శబ్దంగా డబ్బు పోయే చోటు కార్డు యంత్రం. బ్రిడ్జ్‌టౌన్‌లో భోజనం బిల్లు 120 బార్బడోస్ డాలర్లు అనుకుందాం. అంటే 60 అమెరికా డాలర్లు. అమెరికా డాలరు 90 రూపాయలైతే 5,400 రూపాయలు. కార్డు పెట్టగానే యంత్రం రెండు అంకెలు చూపిస్తుంది: 120 బార్బడోస్ డాలర్లు, లేదా 5,700 రూపాయలు. రూపాయల్లో కనిపించిన అంకె అర్థమయ్యేలా ఉంటుంది కాబట్టి వేలు దానివైపే వెళ్తుంది. ఆ మూడు వందలు మార్పిడి చేసిన సంస్థ లాభం. రూపాయల్లోనే కట్టాం కదా అనుకుంటే, విదేశంలో జరిగిన లావాదేవీ అని మన బ్యాంకు దాని మీద మళ్లీ రుసుము వేయవచ్చు. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. సిబ్బంది తామే రూపాయల మీట నొక్కేస్తే, ఆ లావాదేవీని రద్దు చేసి మళ్లీ చేయమని అడగడానికి మొహమాటపడకూడదు. బిల్లులో 10 శాతం సర్వీసు చార్జీ ముందే కలిసి ఉందో లేదో కూడా చూడాలి. ఉంటే విడిగా టిప్పు ఇవ్వనక్కర్లేదు.

మిగిలిన నోట్ల సంగతి తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందే తేల్చుకోవాలి. తూర్పు కరీబియన్ నోట్లు ఎనిమిది చోట్ల చెల్లుతాయి కాబట్టి ఆ దీవుల మధ్య తిరుగుతున్నంత కాలం ఇబ్బంది లేదు. చివరి మజిలీ బార్బడోస్ అయితే అక్కడికి రాక ముందే వాటిని ఖర్చు చేయడం మేలు. సులువైన పద్ధతి ఏమిటంటే, గది ఖాళీ చేసేటప్పుడు చేతిలో ఉన్న స్థానిక నోట్లన్నీ హోటల్ బిల్లుకు జమ చేసి, మిగతా మొత్తానికి మాత్రమే కార్డు ఇవ్వడం. అమెరికా డాలర్లు మిగిలితే 2,000 వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించినవి దేశానికి తిరిగి వచ్చిన 180 రోజుల్లో అధీకృత వ్యాపారికి అప్పగించాలి. కొన్నప్పటి రసీదు అప్పటిదాకా దాచి ఉంచాలి.